కొలువు వేధశాలలో పెరిగిన బాలుడు : వైను బప్పు

రాజాస్థానంలో జ్యోతిష్కునికి ఒక పీఠం ఉండడం మన దేశానికి కొత్త కాదు. ముహూర్తం నిర్ణయించడానికీ, గ్రహణం ఎప్పుడు పట్టి ఎప్పుడు విడుస్తుందో ముందుగా తెలుపడానికీ, ఉగాదినాడు సభలో పంచాంగం వినిపించడానికీ ఆయన అవసరం ప్రభువులకు ఉండేది. ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెస్ 1675లో గ్రీనిచ్‌లో వేధశాలను స్థాపించి, ఫ్లామ్‌స్టీడ్ అనే పండితుని రాజ ఖగోళజ్ఞునిగా నియమించాడు. అతని అవసరం వేరు. నడిసముద్రంలో నావికులకు తామున్న చోటు తెలియాలంటే నక్షత్రాల స్థానాలు సరిగా తెలియాలి. జయపురాధీశుడు సవాయి జయసింహుడు మరొక అడుగు ముందుకు వేసి, రాతితోనూ సున్నంతోనూ మహాయంత్రాలు కట్టించి తానే ఆకాశాన్ని పరిశీలించాడు.

తెలుగునాట ఈ పరంపర హైదరాబాదు నిజాం కొలువులో ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో రూపుదాల్చింది. ఆ కొలువు వేధశాల నీడలో పెరిగిన ఒక బాలుడు స్వతంత్ర భారతదేశపు ఖగోళశాస్త్రానికి సారథి అయ్యాడు. ఆయనే డాక్టర్ మణాలి కల్లాట్ వైను బప్పు. ఆయన మాతృభాష తెలుగు కాదు. పూర్వికులు మలబారు తీరంవారు. ఆయన మనవాడెలా అవుతాడని ఎవరైనా అడగవచ్చు. బాల్యమూ, చదువూ, ఆకాశంతో తొలి పరిచయమూ హైదరాబాదులోనే గడిచిన మనిషిని ఆ నగరం తనవాడని చెప్పుకుంటే తప్పులేదని నా అభిప్రాయం. ఆయన చివరి సంవత్సరాలు మన బెంగళూరులో గడిచాయి గనుక దొడ్డబళ్ళాపురంవారమైన మనకూ కొంత హక్కు ఉంది.

ముందు ఆ వేధశాల సంగతి చెప్పుకోవాలి. నిజాం కొలువులో నవాబు జాఫర్ జంగ్ అనే ప్రభువంశీకుడు ఉండేవారు. ఆయనకు ఆకాశ పరిశీలనపై మక్కువ మెండు. 15 అంగుళాల వ్యాసంగల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో నగరంలోని ఫిసల్‌బండా వద్ద తన ఎస్టేటులో నెలకొల్పారు. ప్రభువు పేరు మీదుగా దానికి నిజామియా వేధశాల అని పేరు పెట్టుకున్నారు. 1907లో జాఫర్ జంగ్ మరణించగా, మరుసటి ఏడే నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొని ఆర్థికశాఖ కింద ఉంచింది. నక్షత్రాల లెక్కలు ఖజానా లెక్కలతోపాటు ఒకే శాఖలో చేరడం ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది గాని, జీతభత్యాలు చక్కగా అందడానికి అది మంచి ఏర్పాటే అయి ఉండాలి. ఛాట్‌వుడ్ అనే ఆంగ్లేయుడు సంచాలకుడుగా వచ్చాడు. వేధశాల బేగంపేటకు మారింది. ఛాట్‌వుడ్ తరువాత 1914లో పోకాక్, ఆయన 1918లో మరణించగా భారతీయుడైన టి. పి. భాస్కరన్ ఆ పీఠాన్ని అధిష్ఠించారు. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

వారు చేసిన పని కీర్తి తెచ్చేది కాదు, ఓర్పు కోరేది. 1887లో పారిసులో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశాన్నంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి పటం గీయాలని సంకల్పించి, మొత్తం ఆకాశాన్ని పట్టీలుగా విభజించి దేశదేశాల వేధశాలలకు పంచారు. దక్షిణ అమెరికాలోని శాంటియాగో వేధశాల తన వంతు పూర్తి చేయలేకపోయింది. దక్షిణాకాశంలోని ఆ పట్టీని హైదరాబాదు స్వీకరించింది. ప్రతి రాత్రీ గాజుఫలకలపై ఆకాశాన్ని చిత్రించడం, పగలు ఆ ఫలకలపై ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి పుస్తకంలోకి ఎక్కించడం — ఇదే దశాబ్దాల తరబడి వారి దినచర్య. తమ వంతు ముగించి ఉత్తరాకాశంలో మరొకరి పట్టీని సైతం చేపట్టారు. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల లెక్క తేల్చారు. పటం యోజన పరాయిది, యంత్రాలు సీమనుండి వచ్చినవి. శ్రమ మాత్రం మనది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. వైను బప్పు జీవితమంతా ఈ లోటును పూరించే యత్నమే.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తండ్రి నిజామియా వేధశాలలో ఖగోళజ్ఞులు. ఇతర పిల్లలకు ఆటస్థలం ఎలాంటిదో ఈ బాలునికి వేధశాల గోపురం అలాంటిది. నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం చదువుతున్న రోజులలోనే, వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే చరకాంతి తారలను పరిశీలించి, ఆ ఫలితాలను ప్రచురించారు. గురువు తరగతిలో చెప్పినది రాత్రికి ఆకాశంలో సరిచూసుకొనే అవకాశం ఎందరు విద్యార్థులకు దొరుకుతుంది?

ఎమ్మెస్సీ పూర్తయ్యాక హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. వెళ్ళిన కొద్ది మాసాలకే, జూలై 2న, తాను చిత్రించిన గాజుఫలకపై ఒక కొత్త తోకచుక్కను పోల్చుకున్నారు. ఆచార్యుడు బార్ట్ బోక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ దానిని నిర్ధారించారు. నాటినుండి ఆ తోకచుక్కకు బప్పు–బోక్–న్యూకర్క్ అనే పేరు స్థిరపడింది. ఆ తోకచుక్క మళ్ళీ రావడానికి దాదాపు 60,000 ఏళ్ళు పడుతుందని బప్పుగారే గణించారు. ఈ ఆవిష్కరణకు గాను ఆయనకు డోన్‌హో పతకం లభించింది. ఇరవైరెండేళ్ళ విద్యార్థికి ఇది అసాధారణ గౌరవం. ఆ చుక్క ఒక అదృష్టం అనుకొనేవారు ఉంటారు. ఫలకపై వేలాది చుక్కల నడుమ ఉండకూడని ఒక మరకను పసిగట్టడానికి కావలసిన కన్ను అదృష్టంవల్ల రాదు. చిన్ననాటినుండి గాజుఫలకల నడుమ మెలగిన కన్ను అది.

1952లో డాక్టరేటు పుచ్చుకొని, కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలలో పరిశోధన సాగించారు. అక్కడ ఆలిన్ విల్సన్‌తో కలసి చేసిన పని ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చింది. నక్షత్రకాంతిని పట్టకంలా విడదీసి చూస్తే అనేక రేఖలు కనిపిస్తాయి. వాటిలో సున్నం మూలధాతువైన కాల్షియం వల్ల ఏర్పడే ఒక రేఖ నడుమ సన్నని వెలుగుచార ఉంటుంది. సూర్యునివలెను, సూర్యునికంటె చల్లనివియును అయిన తారలలో ఈ చార ఎంత వెడల్పుగా ఉంటే ఆ తార నిజమైన కాంతి అంత ఎక్కువ అని వీరు కనుగొన్నారు. నిజమైన కాంతి తెలిస్తే, మనకు కనిపించే కాంతితో పోల్చి ఆ తార ఎంత దూరంలో ఉన్నదో చెప్పవచ్చు. చీర అంచు వెడల్పు చూసి అది ఏ మగ్గం నేతో చెప్పగల పనివారు మన దొడ్డబళ్ళాపురంలో ఎందరో ఉన్నారు. ఈ పద్ధతి వారికి వెంటనే బోధపడుతుంది. 1957లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని లోకమంతా విల్సన్–బప్పు ప్రభావం అంటుంది.

అమెరికాలోనే ఉండిపోయి ఉంటే ప్రపంచంలోని పెద్ద దూరదర్శినులు ఆయన చేతికందేవి. అయినా 1953లో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఇక్కడ ఆయనకోసం సిద్ధంగా ఉన్నది ఏమీ లేదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1954లో కాశీలో ప్రారంభించిన చిన్న వేధశాలకు ప్రధాన ఖగోళజ్ఞునిగా చేరారు. మైదానంలోని దుమ్మూ వెలుగూ ఆకాశదర్శనానికి పనికిరావని, దానిని హిమాలయ పాదంలోని నైనిటాల్‌కు తరలించారు. 1960లో కోడైకెనాల్ వేధశాల సంచాలకులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పైమూడేళ్ళు. అది సూర్య పరిశీలనకు ఖ్యాతిగన్న చోటు, 1899లో స్థాపితం. కాని వాన మబ్బులు ఎక్కువ. రాత్రి ఆకాశానికి అది చాలదని బప్పుగారికి తెలుసు.

అందుచేత దక్షిణదేశపు కొండలన్నీ వెదకడం మొదలుపెట్టారు. చివరకు తమిళనాట జవ్వాది కొండలలో కావలూరు అనే చిన్న పల్లెను ఎంచారు. చుట్టూ గంధపుచెట్ల అడవి. భూమధ్యరేఖకు చేరువగా ఉండడంవలన దక్షిణాకాశంలో చాలాభాగం అక్కడికి కనిపిస్తుంది. కోడైకెనాల్ పనిశాలలో మనవారే తయారుచేసిన 38 సెంటీమీటర్ల దూరదర్శినితో 1968లో ఆ కొండపై పరిశీలన ఆరంభమైంది. ఆ చిన్న యంత్రాన్ని తక్కువగా చూడరాదు. బేగంపేటలోని 15 అంగుళాల దూరదర్శిని వ్యాసం సుమారుగా ఇంతే. అయితే అది సీమనుండి ఓడలో దిగింది, ఇది ఇక్కడ పుట్టింది.

1972లో జర్మనీలోని జైస్ సంస్థ తయారుచేసిన ఒక మీటరు దూరదర్శిని కావలూరు చేరింది. అది నిలిచిన కొద్దిరోజులకే, జూన్ 7న, గురుగ్రహపు ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుపడింది. ఆ నక్షత్రకాంతి మరుగుపడిన తీరునుబట్టి గానిమీడ్ చుట్టూ పలుచని వాయుపొర ఉన్నట్లు సూచన దొరికింది. 1977 మార్చి 10న వరుణగ్రహం యురేనస్ ఇలాగే ఒక తారకు అడ్డువచ్చినప్పుడు దాని చుట్టూ వలయాలు బయటపడ్డాయి. ఆ రాత్రి ఆ దృశ్యాన్ని నమోదు చేసిన చోట్లలో కావలూరు ఒకటి.

ఈలోగా 1971లో కోడైకెనాల్ వేధశాల స్వయంప్రతిపత్తిగల సంస్థగా మారి, భారత ఖగోళభౌతిక సంస్థ అయింది. కొన్నేళ్ళకు దాని కార్యస్థానం బెంగళూరుకు వచ్చింది. మన ఊరినుండి ఉత్తరంగా వెళ్ళే గౌరిబిదనూరు దారి అందరికీ తెలిసినదే. గౌరిబిదనూరు చేరువలో 1976లో ఈ సంస్థ, రామన్ పరిశోధన సంస్థతో కలసి, రేడియో తరంగాలను పట్టే వేయి స్తంభాకార గ్రాహకాల యంత్రాన్ని నెలకొల్పింది. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు పరచుకున్న ఆ తీగల వరుసలను చూసిన మన విద్యార్థులకు, అది ఏ కొలువు బిడ్డ నడిపిన సంస్థ నీడలో మొలిచినదో తెలిసి ఉండకపోవచ్చు.

ఇంతచేసినా బప్పుగారి మనసు ఒక్కదానిపైనే ఉండేది. ప్రపంచంలోని పెద్ద దూరదర్శినుల పక్కన నిలబడగల దూరదర్శినిని ఈ దేశంలోనే తయారుచేయాలి. విదేశాలనుండి కొనితెచ్చుకుంటే పని సులువు, ఆలస్యం తక్కువ. పలువురు అలాగే అనుకొన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 2.34 మీటర్ల వ్యాసంగల అద్దానికి కావలసిన గాజుదిమ్మె మాత్రం విదేశంనుండి వచ్చింది. దానిని చెక్కి, నూరి, వెంట్రుకవాసిలో అనేక భాగాలంతటి తేడా కూడా లేకుండా మెరుగుపెట్టే పని బెంగళూరులోని సంస్థ శాలలో మనవారే చేశారు. దూరదర్శినిని మోసే ఉక్కుకట్టడాన్ని మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్ కర్మాగారంలో తయారుచేయించారు. ఏళ్ళు గడిచాయి. అద్దం నునుపుతేలుతూ వచ్చింది.

గౌరవాలు వాటంతట అవే వచ్చాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్యకు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ పదవి భారతీయునికి దక్కడం అదే మొదటిసారి. 1981లో పద్మభూషణ్ లభించింది. 1982 ఆగస్టులో సమాఖ్య మహాసభ గ్రీసులోని పాట్రాస్‌లో జరిగింది. ఆయన అధ్యక్షత వహించవలసిన సభ అది. గుండె శస్త్రచికిత్సకై మ్యూనిక్‌లో ఉన్న ఆయన, సభలు జరుగుతుండగానే ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. యాభైఐదేళ్ళు నిండి తొమ్మిది రోజులైంది.

కావలూరు కొండపై పెద్ద గోపురంలోకి నక్షత్రకాంతి తొలిసారి ప్రవేశించింది 1985 నవంబరులో. మరుసటి జనవరి 6న నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ అక్కడికి వచ్చి, దూరదర్శినికి వైను బప్పు పేరు పెట్టారు.