బంగారు రేకు వెనక ఒక విద్యార్థి



మీ ఇంటి పూజగదిలోనో, హాల్లోనో ఒక తంజావూరు పటం ఉండే ఉంటుంది. లేదంటే ఏ గృహప్రవేశంలోనో చూసే ఉంటారు. బాలకృష్ణుడో, పట్టాభిరాముడో, మన వేంకటేశ్వరస్వామో. కిరీటం, హారాలు, మకరతోరణం కాస్త ఉబ్బెత్తుగా ఉండి, దీపం వెలిగించగానే బంగారంలా మెరుస్తాయి. మెరవడమేమిటి, అసలైన పటం మీద ఉన్నది నిజంగా బంగారమే. మన తిరుపతిలోనూ ఒకప్పుడు ఇలాంటి కళే ఉండేది. మట్టితో ఉబ్బెత్తుగా చేసిన స్వామి రూపానికి రంగులు, బంగారు పూత వేసి, చెక్క పెట్టెలో అమర్చేవారు.

ఈసారి ఆ పటం ముందు నిలబడినప్పుడు మీ అబ్బాయికో, అమ్మాయికో ఒక విద్యార్థి కథ చెప్పండి. తంజావూరు పటం ఈనాటి రూపానికి రావడానికి అండగా నిలిచిన మరాఠా రాజు, రెండవ శరభోజి కథ.

శరభోజి 1777 సెప్టెంబరు 24న భోంస్లే వంశంలో పుట్టారు. తంజావూరు రాజు తుళజాకు వారసులు మిగల్లేదు. 1787లో, తాను కన్నుమూసే ముందు, తొమ్మిదేళ్ళ శరభోజిని దత్తత తీసుకున్నారు. పిల్లవాడి బాగోగులు చూడమని తాను నమ్మిన జర్మన్ మిషనరీ ష్వార్ట్జ్‌ను కోరారు.

తుళజా పోగానే కథ మారిపోయింది. ఆయన సవతి తమ్ముడు అమరసింహుడు దత్తత చెల్లదన్నాడు. పండితులూ అలాగే చెప్పారు, ఈస్టిండియా కంపెనీ ఒప్పుకుంది. సింహాసనం అమరసింహుడిదయింది. శరభోజి కోటలోనే ఒక రకమైన నిర్బంధంలో పెరిగాడు. వెలుతురు సరిగా లేని గది, బయటికి వెళ్ళే వీలు లేదు. అన్నిటికంటే పెద్ద లోటు, చదువు చెప్పేవాళ్ళు లేరు. ఎదిగే పిల్లవాణ్ణి అణచాలంటే కొట్టనక్కర్లేదు, చదువు లేకుండా చేస్తే చాలు.

విషయం తెలిసిన ష్వార్ట్జ్ ఊరుకోలేదు. మద్రాసు ప్రభుత్వానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. మొదట ఆయన అడిగింది సింహాసనం కాదు, పిల్లవాడికి భద్రత, చదువు. చివరికి 1793లో శరభోజిని, తుళజా రాణులను మద్రాసుకు తరలించారు. అక్కడ గెరికే అనే మరో మిషనరీ దగ్గర చదువు సాగింది. అప్పటికి శరభోజికి పదిహేను, పదహారేళ్ళు. మన లెక్కలో టెన్త్ వయసు. చాలా ఆలస్యంగా మొదలైన చదువే, కానీ ఆ కుర్రవాడు దాన్ని ప్రాణంలా పట్టుకున్నాడు.

దత్తత విషయం మళ్ళీ విచారణకు వచ్చింది. ఈసారి పండితులు చెల్లుతుందన్నారు. 1798 జూన్‌లో శరభోజి పట్టాభిషేకం జరిగింది. అది చూడటానికి ష్వార్ట్జ్ లేరు. అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూశారు. గురువు స్మృతికి శరభోజి ఇంగ్లండు శిల్పి ఫ్లాక్స్‌మన్ చేత పాలరాతి ఫలకం చెక్కించారు. ఇప్పటికీ అది తంజావూరు చర్చిలో ఉంది. గురువు మతం వేరు, శిష్యుడి మతం వేరు. శిష్యుడు చివరిదాకా శివభక్తుడే. ఆ తేడా ఆ కృతజ్ఞతకు అడ్డు రాలేదు.

అయితే సింహాసనం ఊరికే రాలేదు. 1799 అక్టోబరులో కుదిరిన ఒప్పందంతో రాజ్యపాలన మొత్తం కంపెనీ చేతికి వెళ్ళిపోయింది. రాజుకు మిగిలింది తంజావూరు కోట, దాని చుట్టుపక్కల కొంత, ఏడాదికి లక్ష వరహాల భరణం, ఆదాయంలో ఐదో వంతు. ఇరవై రెండేళ్ళ యువకుడికి పేరుకు కిరీటం ఉంది, ఏలడానికి రాజ్యం లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇలాంటి స్థితిలో విలాసాల్లో మునిగి పోయిన రాజులు మన చరిత్రలో తక్కువేమీ కాదు. శరభోజికి ఆ దారి మూసి లేదు. కానీ ఆయన ఆ డబ్బుతో పుస్తకాలు కొన్నారు.

నాయక రాజుల కాలం నుంచి ఉన్న సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని ఆయన పెంచి పెద్ద చేశారు. యూరప్ భాషల పుస్తకాలు వేల సంఖ్యలో తెప్పించి చదివారు. 1820లో మూడు వేల మంది పరివారంతో కాశీయాత్రకు వెళ్ళినప్పుడు కూడా తాళపత్ర గ్రంథాలు సేకరించారు, దొరకనివాటికి నకళ్ళు రాయించారు. ఆ గ్రంథాలయంలో సంస్కృతం, తమిళం, మరాఠీలతో పాటు మన తెలుగు తాళపత్రాలూ వందల్లో ఉన్నాయి. తంజావూరును అంతకుముందు ఏలిన నాయకులు తెలుగువాళ్ళు. మరాఠా రాజులు వచ్చాక కూడా ఆ ఆస్థానంలో తెలుగు సాహిత్య భాషగా, సంగీత భాషగా నిలిచింది.

ధన్వంతరి మహల్ పేరుతో వైద్యశాల పెట్టి, అన్ని పద్ధతుల వైద్యులనూ కూర్చోబెట్టారు. కంటి జబ్బులంటే ఆయనకు ప్రత్యేక శ్రద్ధ. రోగుల కళ్ళ బొమ్మలు రంగుల్లో గీయించి, జబ్బు వివరాలు పక్కన రాయించి దాచారు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. దేవనాగరి అచ్చుయంత్రం పెట్టించారు. నవవిద్యా కళానిధి శాల పేరుతో బడి తెరిచారు. సత్రాల్లో పిల్లలకు అన్నం పెట్టి చదువు చెప్పించారు. అక్కడ ఫీజు లేదు. చదువు దొరకని బాల్యం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కదా.

ఇప్పుడు మన పటం దగ్గరికి వద్దాం. ఈ బొమ్మలు శరభోజి గీసినవి కావు. 1565లో విజయనగరం దెబ్బతిన్నాక చిత్రకారుల కుటుంబాలు దక్షిణానికి వలస వెళ్ళాయని చెబుతారు. తంజావూరు, తిరుచిరాపల్లిలో రాజులు, మదురైలో నాయుళ్ళు ఈ పటాలు గీసేవారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. మరాఠా రాజుల అండతో, ముఖ్యంగా శరభోజి కాలంలో, ఆ చేతిపని ఒక నిండైన కళగా కుదురుకుంది.

తయారీ చూస్తే ఓపికంటే ఏమిటో తెలుస్తుంది. పనసచెక్క పలక మీద బట్ట అంటిస్తారు. జిగురు కలిపిన సుద్దను పూత మీద పూత వేసి, నున్నగా రుద్దుతారు. బొమ్మ గీసి, నగల చోట రంగురాళ్ళు పొదుగుతారు. ఉబ్బెత్తుగా కనిపించాల్సిన చోట సుద్దముద్దతో ఎత్తు కడతారు. దాని మీద పల్చటి బంగారు రేకు అంటించి, అంచులు కత్తిరిస్తారు. ఆ తర్వాతే రంగులు. ముఖం, కళ్ళు చివర్లో దిద్దుతారు. కింద వేసిన సుద్ద పూత సరిగా లేకపోతే పైన ఎంత బంగారం వేసినా పగిలి ఊడిపోతుంది. చాలా పాత పటాల మీద చిత్రకారుడి సంతకం కూడా ఉండదు. రాజు పేరు మనకు తెలుసు, గీసిన చేతుల పేర్లు తెలియవు.

శరభోజి 1832 మార్చి 7న కన్నుమూశారు. ఆయన కొడుకు శివాజీ 1855లో మగ వారసుడు లేకుండా పోవడంతో కంపెనీ తంజావూరు సంస్థానాన్ని కలిపేసుకుంది. దత్తత మాటతో మొదలైన శరభోజి కథ, వారసుడు లేడన్న మాటతో ముగిసింది. కోట పోయింది, భరణం పోయింది. ఆస్థానం అండ పోయిన చిత్రకారులకు చెట్టినాడు వ్యాపారుల ఇళ్ళు ఆసరా అయ్యాయి. కళ బతికింది. గ్రంథాలయం బతికింది. కంటి రోగుల బొమ్మలూ మిగిలాయి.

రాజ్యం ఒప్పందంతో పోతుంది, ఉద్యోగం ఒక ఉత్తరంతో పోతుంది. ర్యాంకు మరుసటి ఏడాదికి పాతబడుతుంది. మన పిల్లల చేతిలో చివరిదాకా ఉండేదేమిటి? నేర్చుకోవాలన్న ఆ ఆకలే కదా. అది కింద వేసే సుద్ద పూత లాంటిది. బయటికి కనిపించదు, మార్కుల జాబితాలో ఉండదు. పైనున్న బంగారాన్ని పట్టి ఉంచేది మాత్రం అదే.

వచ్చే సెలవుల్లో వీలైతే పిల్లలతో తంజావూరు వెళ్ళి రండి. పెద్దగుడి చూశాక, కోటలోని సరస్వతీ మహల్ మ్యూజియంలోకి కూడా తీసుకెళ్ళండి. అంత దూరం వీలుకాకపోతే, ఈ సాయంత్రం మీ పూజగదిలో దీపం పెట్టి, పటం ముందు పది నిమిషాలు పిల్లల పక్కన కూర్చోండి. ఆ బంగారం కింద ఏముందో వాళ్ళనే అడగండి.