రాబర్టు మార్షలు

విద్యార్థులారా, అమెరికా పటములో వాయవ్యమూలనున్న అలాస్కాను చూడుడు. అచ్చటి బ్రూక్సు పర్వతములలో రోడ్డుగాని కాలిబాటగాని లేని జాతీయవనమొకటి కలదు. వైశాల్యము సుమారు 84 లక్షల ఎకరములు. దానికి ఆర్కిటిక్ ద్వారములను పేరు వచ్చుటకు కారకుడు రాబర్టు మార్షలు.

ఈతడు 1901లో న్యూయార్కునందు ప్రసిద్ధ న్యాయవాది ఇంట జన్మించెను. అరణ్యశాస్త్రము నభ్యసించెను. ఒక్కదినమున 30 మైళ్లు నడచుట ఈతనికి వినోదము. 1929లో, పటమున ఖాళీగా కనబడిన తావును వెదకుచు కోయుకుక్ నది ఉత్తరపుపాయ వెంట నడచెను. ఏటికి ఇరువైపుల తలుపురెక్కలవలె నిలిచిన రెండు శిఖరములను చూచి ఆ పేరు పెట్టెను. ఆ ప్రాంతమున నునామియూట్ ప్రజలు తరతరములుగా వేటాడుచుండిరి. కావున ఆ ఖాళీ పటము గీసినవారిదే కాని నేలది కాదని మేమందుము.

మరుసటి యేడు మరల పోయి, వైజ్‌మన్ అను చిన్నయూర ఏడాదికి పైగా వసించెను. ఆ ఊరివారిని గూర్చి 1933లో గ్రంథము ప్రకటించి, తనకు వచ్చిన రాబడిలో సగము వారికే పంచెను. ఈతని నడకకన్న మేము మెచ్చునది ఈ పంపకమునే.

1935లో వైల్డర్నెస్ సొసైటీని స్థాపించినవారిలో ఈతడొకడు. 1939 నవంబరులో, 38వ యేట, రైలుప్రయాణమున మరణించెను. ఆ కొండలు జాతీయవనమైనది 1980లో.