ఇబ్రహీం కులీ కుతుబ్ షా

ఇబ్రహీం కులీ కుతుబ్ షా గోల్కొండ రాజ్యమును 1550 నుండి 1580 వరకు పరిపాలించిన కుతుబ్ షాహీ సుల్తాను. ఇతడు ఆ వంశ స్థాపకుడైన సుల్తాన్ కులీ కుతుబ్ షా కుమారుడు. తెలుగు కవులు ఇతనిని మల్కిభరాముడని, ఇభరాముడని పిలిచారు. యౌవనములో ఏడు సంవత్సరములు విజయనగరములో ఆశ్రయము పొందిన ఇబ్రహీం, తరువాతి కాలములో ఆ సామ్రాజ్యమునకు వ్యతిరేకముగా దక్కను సుల్తానుల కూటమి ఏర్పడుటకు మధ్యవర్తిగా వ్యవహరించాడు. ఈ కూటమి 1565లో తళ్ళికోట యుద్ధములో విజయము సాధించింది. ఇతని జీవితములోని ముఖ్య ఘట్టములు అనేకము నేటి నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతములలోని కోటలతో ముడిపడి ఉన్నాయి.

నేపథ్యము

బహమనీ రాజ్యము క్షీణించిన పిమ్మట దక్కనులో అయిదు సుల్తాను రాజ్యములు ఏర్పడ్డాయి. అవి బీజాపూరు (ఆదిల్ షాహీలు), అహ్మద్ నగరము (నిజాం షాహీలు), గోల్కొండ (కుతుబ్ షాహీలు), బీదరు (బరీద్ షాహీలు), బీరారు (ఇమాద్ షాహీలు). వీటికి దక్షిణమున కృష్ణా, తుంగభద్రల ఆవల విజయనగర సామ్రాజ్యము ఉండేది. ఈ ఆరు రాజ్యముల మధ్య సరిహద్దు కోటల కొరకు తరచుగా యుద్ధములు జరిగేవి. రాయచూరు, ముద్గల్ కోటల కొరకు బీజాపూరు, విజయనగరము పోరాడగా, షోలాపూరు, కల్యాణి కోటల కొరకు బీజాపూరు, అహ్మద్ నగరము పోరాడేవి. గోల్కొండకు దక్షిణ సరిహద్దున కృష్ణానదికి ఉత్తరముగా ఉన్న మెట్ట ప్రాంతము రక్షణకవచము వంటిది. దేవరకొండ, పానగల్, ఘనపురము, కోయిలకొండ దుర్గములు ఈ ప్రాంతమునకు కాపలాగా ఉండేవి.

తొలి జీవితము

1543లో సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. ఈ హత్య వెనుక అతని కుమారుడు జంషీద్ హస్తము ఉన్నదని చరిత్రకారులు పేర్కొన్నారు. జంషీద్ సింహాసనమునకు వారసుడైన తన అన్న కుతుబుద్దీన్ కళ్ళు తీయించి, తానే సుల్తాను అయ్యాడు. ఆ సమయమున ఇబ్రహీం దేవరకొండలో ఉన్నాడు. తనకు కూడా ప్రాణాపాయము తప్పదని గ్రహించి బీదరుకు పారిపోయి, అక్కడి పాలకుడైన అలీ బరీద్ సహాయము కోరాడు. బీదరులో కూడా క్షేమము లేదని తోచి, అక్కడి నుండి విజయనగరము చేరాడు.

విజయనగరములో ఆశ్రయము

అప్పుడు విజయనగర సింహాసనముపై సదాశివరాయలు ఉన్నప్పటికీ అధికారమంతయూ శ్రీకృష్ణదేవరాయల అల్లుడైన అళియ రామరాయల చేతిలో ఉండేది. రామరాయలు ఇబ్రహీంను ఆదరించి జాగీరు ఇచ్చాడు. ఇబ్రహీం అక్కడ సుమారు ఏడు సంవత్సరములు ఉన్నాడు. తెలుగు భాషపై, సాహిత్యముపై ఇతనికి గల అభిమానము ఈ కాలములోనే బలపడినదని సాధారణముగా భావిస్తారు. విజయనగర ఆస్థాన పద్ధతులు, సైనిక బలము, రామరాయల రాజనీతి ఇతనికి దగ్గరగా తెలిసే అవకాశము కలిగింది.

కోయిలకొండ ప్రమాణము, పట్టాభిషేకము

1550లో జంషీద్ మరణించగా బాలుడైన అతని కుమారుడు సుభాన్ కులీని సింహాసనముపై కూర్చుండబెట్టారు. అహ్మద్ నగరము నుండి పిలిపించబడిన సైఫ్ ఖాన్ ఐనుల్ ముల్క్ అధికారమును చేజిక్కించుకున్నాడు. ఇతనిని వ్యతిరేకించిన జగదేవరావు అను తెలుగు నాయకుడు, భువనగిరి కోటలో బందీగా ఉన్న మరొక రాకుమారుడు దౌలత్ కులీని రాజును చేయ ప్రయత్నించాడు. కానీ ఐనుల్ ముల్క్ భువనగిరిని పట్టుకుని జగదేవరావును చెరసాలలో ఉంచాడు.

ఈ పరిస్థితులలో ముస్తఫా ఖాన్ మొదలగు ప్రముఖులు ఇబ్రహీంను ఆహ్వానించారు. ఇతడు విజయనగరము విడిచి, కృష్ణానది దాటి, పానగల్ మీదుగా కోయిలకొండ చేరాడు. కోటలను కాపాడే నాయకవాడీలు (స్థానిక తెలుగు సైనికులు) ఇతని పక్షము వహించారు. కోయిలకొండ కోటలోని 1550 నాటి తెలుగు శాసనములో అక్కడి సైనికులు ఇబ్రహీంకు విధేయులుగా ఉంటామని చేసిన ప్రమాణము నమోదయి ఉన్నది. మాట తప్పినవారికి కలుగు పాపమును హిందువులకు, ముస్లిములకు వారి వారి విశ్వాసముల ప్రకారము అందులో వేరువేరుగా చెప్పారు. గోల్కొండలో నాయకవాడీలు జగదేవరావును విడిపించారు. ఐనుల్ ముల్క్ పారిపోయాడు. 1550 జూలై 27న ఇబ్రహీం గోల్కొండ సుల్తానుగా పట్టాభిషిక్తుడయ్యాడు.

నాలుగు రాజ్యముల ఒప్పందము

1557 ప్రాంతమున అహ్మద్ నగర సుల్తాను హుసేన్ నిజాం షా, ఇబ్రహీం కలిసి బీజాపూరు అధీనములోని గుల్బర్గా కోటను ముట్టడించారు. బీజాపూరు పాలకుడు ఇబ్రహీం ఆదిల్ షా రామరాయల సహాయము కోరాడు. రామరాయలు సైన్యముతో బయలుదేరినప్పటికీ నేరుగా యుద్ధమునకు దిగక, ముట్టడి విరమించవలసినదిగా గోల్కొండ సుల్తానుకు లేఖ వ్రాశాడు. ఇబ్రహీం వెనుకకు తగ్గుటతో ముట్టడి ముగిసింది. అనంతరము నలుగురు పాలకులు భీమా, కృష్ణా నదుల సంగమము వద్ద సమావేశమై ఒక ఒప్పందము చేసుకున్నారు. ఎవరైనా అకారణముగా మరొకరిపై దండెత్తినచో మిగిలినవారు బాధిత పక్షమునకు సహాయము చేయవలెనన్నది ఇందలి ముఖ్యాంశము. ఆధునిక చరిత్రకారులు దీనిని సమష్టి భద్రతా ఒప్పందముగా వర్ణిస్తారు.

ఈ ఒప్పందమునకు వెంటనే పరీక్ష ఎదురయింది. ఇబ్రహీం ఆదిల్ షా మరణించి అలీ ఆదిల్ షా బీజాపూరు సింహాసనమెక్కగానే హుసేన్ నిజాం షా మరల ఆ రాజ్యముపైకి వచ్చాడు. అలీ స్వయముగా విజయనగరము వెళ్ళి రామరాయలను ఆశ్రయించాడు. రామరాయలు ఒప్పందమును గుర్తుచేసి గోల్కొండ సైన్యమును కూడా రప్పించాడు. ఇబ్రహీం అయిష్టముగానే వచ్చాడు. ఉమ్మడి సైన్యములు అహ్మద్ నగరమును ముట్టడించినప్పుడు ఇతడు లోపల ఉన్న హుసేన్‌కు రహస్యముగా తోడ్పడినట్లు చరిత్రకారుడు ఫెరిస్తా వ్రాశాడు. చివరకు హుసేన్ కల్యాణి కోటను బీజాపూరుకు వదులుకున్నాడు. బాధితునికి సహాయముగా మొదలైన ఈ దండయాత్ర వలన విజయనగర ప్రాబల్యము మరింత పెరుగుట మిగిలిన సుల్తానులకు ఆందోళన కలిగించింది.

మూడు కోటల నష్టము

కొద్దికాలమునకే ఇబ్రహీం పక్షము మార్చాడు. హుసేన్ నిజాం షా కుమార్తె బీబీ జమాలిని వివాహమాడి, 1563 ప్రాంతమున అతనితో కలిసి కల్యాణిని ముట్టడించాడు. రామరాయలు, అలీ ఆదిల్ షా వీరిని ఎదుర్కొనగా ముట్టడి విఫలమై ఇబ్రహీం గోల్కొండకు తిరిగి వచ్చాడు. విజయనగర సైన్యములు అతనిని వెంబడించి గోల్కొండ రాజ్యపు దక్షిణ ప్రాంతములను కొల్లగొట్టాయి. అంతకుముందే ఇబ్రహీంతో విరోధించి విజయనగరము చేరిన జగదేవరావుకు కోటలలోని నాయకవాడీలతో ఉన్న సంబంధములు ఈ సందర్భమున గోల్కొండకు హాని చేశాయి. సంధి కొరకు ఇబ్రహీం కోయిలకొండ, ఘనపురము, పానగల్ కోటలను రామరాయలకు ఇవ్వవలసి వచ్చింది. పదమూడు సంవత్సరముల క్రితము తనకు విధేయత ప్రకటించి సింహాసనమునకు దారి చూపిన కోయిలకొండను, తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలకే అప్పగించవలసి రావడము ఇతని జీవితములో పెద్ద పరాభవము. కోటలు మూడూ పోవుటతో కృష్ణానది నుండి గోల్కొండకు వచ్చే మార్గము రక్షణ లేనిదయింది.

సుల్తానుల కూటమి

రామరాయల బలమునకు ప్రధాన కారణము బీజాపూరు, అహ్మద్ నగరముల మధ్య వైరము. ఒకరిపై మరొకరికి సహాయము చేస్తూ ఆయన ఇద్దరినీ అదుపులో ఉంచేవాడు. కావున ఈ రెండు రాజ్యములకు సంధి కుదరనిదే కూటమి సాధ్యము కాదు. కూటమి ఆలోచన మొదట ఎవరిదన్న విషయమై బీజాపూరు, గోల్కొండ చరిత్ర గ్రంథములు భిన్నముగా చెబుతున్నప్పటికీ, మధ్యవర్తిత్వము గోల్కొండ ద్వారా జరిగినదని అంగీకరిస్తాయి. ఇబ్రహీం తన మంత్రి ముస్తఫా ఖాన్‌ను రాయబారిగా పంపాడు.

ఈ రాయబారము ఫలితముగా రెండు వివాహములు నిశ్చయమయ్యాయి. హుసేన్ నిజాం షా కుమార్తె చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకు, అలీ సోదరిని హుసేన్ కుమారుడు ముర్తజాకు ఇచ్చి వివాహము చేశారు. చిరకాలముగా తగవునకు కారణమైన షోలాపూరు కోటను చాంద్ బీబీ కట్నముగా బీజాపూరుకు ఇచ్చారు. బీదరు కూటమిలో చేరింది. అహ్మద్ నగరముతో పాత వైరము కారణముగా బీరారు చేరలేదు. అటుపిమ్మట అలీ ఆదిల్ షా రాయబారిని పంపి రాయచూరు, ముద్గల్ మొదలగు కోటలను తిరిగి ఇవ్వవలసినదిగా కోరగా రామరాయలు నిరాకరించాడు.

తళ్ళికోట యుద్ధము

1564 డిసెంబరులో కూటమి సైన్యములు తళ్ళికోట వద్ద చేరాయి. 1565 జనవరి 23న కృష్ణానదికి సమీపమున జరిగిన యుద్ధములో విజయనగరము ఓడిపోయింది. రక్కసగి, తంగడగి గ్రామముల పేరుమీద దీనిని రాక్షసి తంగడి యుద్ధమని కూడా అంటారు. బందీగా చిక్కిన రామరాయలను హుసేన్ నిజాం షా ఆజ్ఞపై వధించారు. రామరాయల సోదరుడు తిరుమలరాయలు సదాశివరాయలతో పెనుకొండకు తరలిపోయాడు. విజయనగరము కొల్లగొట్టబడి మరల కోలుకోలేదు. ఇబ్రహీంకు కోయిలకొండ, ఘనపురము, పానగల్ కోటలు తిరిగి లభించాయి.

యుద్ధానంతరము

కూటమి ఎక్కువ కాలము నిలువలేదు. హుసేన్ నిజాం షా 1565లోనే మరణించాడు. బీజాపూరు దక్షిణముగా విస్తరించ ప్రయత్నించగా తిరుమలరాయలు అహ్మద్ నగరము సహాయమునే కోరాడు. సుల్తానులు మరల తమలో తాము పోరాడసాగారు. 1574లో అహ్మద్ నగరము బీరారును ఆక్రమించింది. ఇబ్రహీం తన దృష్టిని తూర్పు వైపు మరల్చాడు. ఇతని కాలములో 1571-72 ప్రాంతమున రాజమహేంద్రవరము, పాలన చివరి రోజులలో కొండవీడు గోల్కొండ వశమయ్యాయి.

సాహిత్యపోషణ, నిర్మాణములు

అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇబ్రహీంకు అంకితము చేశాడు. పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో రచించిన యయాతి చరిత్రమును ఇతని అధికారియైన అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. హుస్సేన్ సాగర్, ఇబ్రహీంపట్నం చెరువులు, మూసీనదిపై 1578లో పూర్తయిన పురానాపూల్ ఇతని కాలపు నిర్మాణములు. గోల్కొండ కోట ప్రాకారములను కూడా ఇతడు పటిష్ఠము చేయించాడు.

1580 జూన్‌లో ఇబ్రహీం మరణించాడు. గోల్కొండ సమీపమున ఉన్న కుతుబ్ షాహీ సమాధులలో ఇతని సమాధి ఉంది. ఇతని కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా తరువాతి సుల్తాను అయ్యాడు.

అంచనా

తళ్ళికోట యుద్ధమును పూర్వపు చరిత్రకారులు పలువురు మతపరమైన పోరాటముగా వర్ణించారు. ఇబ్రహీం జీవితమును పరిశీలించినచో ఆ వివరణ చాలదని తెలుస్తుంది. ఇతడు ఒకే పదేళ్ళలో బీజాపూరుతోను, అహ్మద్ నగరముతోను, విజయనగరముతోను పొత్తు కుదుర్చుకున్నాడు, వారందరితోను పోరాడాడు. ఇతని కోటలను కాపాడినవారు తెలుగు నాయకవాడీలు. రామరాయల సేనలో ముస్లిం సేనానులు ఉన్నారు. పొరుగు రాజ్యములలో ఏ ఒక్కటీ మిగిలినవాటిని శాసించునంత బలము పొందకూడదన్నది ఇతని విదేశాంగ నీతిగా కనిపిస్తుంది. సంగమము వద్ద కుదిరిన ఒప్పందము శాంతిని కోరినదైనను, ఎవరు దోషియో నిర్ణయించే అధికారము అందరికంటే బలవంతుడైన రామరాయల చేతిలోనే ఉండిపోయింది. అందువలననే అది నిలువలేదు. 1564 నాటి కూటమికి రామరాయల పట్ల భయము తప్ప వేరే ఆధారము లేనందున, ఆయన మరణముతో అది కూడా విచ్ఛిన్నమయింది.

కోటల నేటి స్థితి

దేవరకొండ కోట నల్గొండ జిల్లాలోను, భువనగిరి కోట యాదాద్రి భువనగిరి జిల్లాలోను, కోయిలకొండ కోట మహబూబ్ నగర్ జిల్లాలోను ఉన్నాయి. పానగల్, ఘనపురము కోటలు పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాలో ఉండగా, 2016 జిల్లాల పునర్విభజన తరువాత వనపర్తి జిల్లాలోకి వచ్చాయి. ఈ వ్యాసములో పేర్కొన్న పానగల్, నల్గొండ పట్టణమునకు సమీపమున పచ్చల సోమేశ్వరాలయము ఉన్న పానగల్లు ఒకటి కావు. ఘనపురమును స్థానికులు ఖిల్లా ఘనపురమని కూడా పిలుస్తారు.