ఆలోచనను తూచబోయిన వడ్రంగి కొడుకు

ఈ ఏడాది సంచికకు ఎవరైనా ఒక శాస్త్రవేత్త జీవితం రాసి ఇమ్మని మా యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, న్యూటన్ గురించో, రామన్ గురించో, మన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించో రాస్తే సులువుగా అయిపోతుందని మిత్రులు సలహా ఇచ్చారు. వారి గురించి రాసేవాళ్లు ఏటా ఉంటారు. నేను ఏంజెలో మోస్సోను ఎంచుకున్నాను. తన కాలంలో ఆయన ఐరోపా అంతా తెలిసిన మనిషి. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఎక్కడో ఒక మూల కనబడితే కనబడతాడు, లేకుంటే లేదు. ఆయన్నే ఎంచుకోవడానికి నాకొక సొంత కారణం ఉంది. అది ముందే చెప్పేస్తాను.

మాది ఏర్పేడు దగ్గర ఒక పల్లె. సేద్యమే బతుకు. మూడేండ్ల కిందట మా పెదనాయన శెనక్కాయల మూటలేసుకొస్తున్న ట్రాక్టరు మీదనుంచి జారిపడినాడు. తలకు రాయి తగిలింది. తిరుపతి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాడు, కండ్లు తెరవలేదు. మా పెద్దమ్మ మాత్రం రోజూ ఆయన చెవి దగ్గర కూర్చుని బోరులో నీళ్లు ఎట్లా వస్తున్నాయో, ఎర్రావు ఈనిందో లేదో చెప్తూనే ఉండేది. ఆయనకు వినపడుతోందా అని కనబడిన వాళ్లనంతా అడిగేది. ఎవరూ గట్టిగా అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోయారు. స్కానింగు ఫిల్మును నేను కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. ఎముక కనిపించింది, గడ్డకట్టిన నెత్తురు మచ్చ కనిపించింది. పెదనాయన కనిపించలేదు. పదో నాడు ఆయన పోయినాడు. పెద్దమ్మ ప్రశ్న మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తర్వాత ఈ కాలేజీకొచ్చి, పుర్రె లోపల జరిగేదాన్ని బయటనుంచి కనిపెట్టాలని మొట్టమొదట కూర్చున్నది ఎవరా అని వెతుక్కుంటూ పోతే మోస్సో దగ్గర తేలాను.

మోస్సో 1846 మే 30న ఇటలీలోని టూరిన్ నగరంలో పుట్టాడు. తండ్రి వడ్రంగి, తల్లి బట్టలు కుట్టేది. దగ్గరలోని కియేరి అనే ఊళ్లో పెరిగాడు. కలిగిన కుటుంబం కాదు. అయినా పట్టుదలగా చదివి 1870లో టూరిన్‌లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. వైద్యం పెట్టుకుని నాలుగు రాళ్లు సంపాదించుకుని ఉండవచ్చు. ఆయన మనసు మాత్రం శరీరధర్మశాస్త్రం మీదకు పోయింది. మొదట ఫ్లోరెన్స్‌లో షిఫ్ దగ్గర, తర్వాత జర్మనీ పోయి లైప్జిగ్‌లో కార్ల్ లుడ్విగ్ దగ్గర పనిచేశాడు. కైమోగ్రాఫ్ కనిపెట్టినవాడు ఈ లుడ్విగ్ గారే. మసిపూసిన కాగితం చుట్టిన డోలు తిరుగుతుంటే, సూది దానిమీద శరీరం చేతిరాతను రాస్తుంది.

లైప్జిగ్‌లో జరిగిన ఒక చిన్న సంగతి మోస్సో దారిని నిర్ణయించిందని నాకు తోస్తుంది. చేతిని నీళ్లు నింపిన గాజుగొట్టంలో పెట్టి, అందులోకి ఎంత నెత్తురు వస్తోందో పోతోందో కొలిచే పరికరం ఆయన దగ్గర ఉండేది. ఒక మిత్రుడి చేయి అందులో పెట్టి గీత చూస్తున్నాడు. ఇంతలో లుడ్విగ్ గారు గదిలోకి వచ్చారు. గీత ఉన్నట్టుండి పడిపోయింది. మిత్రుడు కదల్లేదు, మాట్లాడలేదు. పెద్ద గురువు లోపలికి వచ్చాడన్న తత్తరపాటుకే చేతిలోని నెత్తురు వెనక్కు తగ్గింది. వైవా గదిలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదుట నిలబడినప్పుడు మన చేతులు ఎందుకు చల్లబడతాయో ఇప్పుడు అర్థమైందనుకుంటాను! మనసు మనసులోనే ఉండదు, నెత్తురులోకి దిగుతుంది, కాబట్టి కొలవవచ్చు అనే నమ్మకం మోస్సోకు కుదిరింది.

1877లో ఆయన దగ్గరకు బెర్టీనో అనే రైతు వచ్చాడు. పైనుంచి ఇటుక పడి నుదుటివైపు పుర్రె పగిలింది. గాయం మానుతోంది గానీ ఎముక ఉండవలసిన చోట గుంత మిగిలింది. దాని అడుగున మెదడు కొట్టుకోవడం కంటికి కనబడేది. పసిబిడ్డల మాడు కొట్టుకోవడం మనం చూస్తూనే ఉంటాం, అట్లాంటిదే. మోస్సో ఆ గుంతమీద ఒక బిళ్ల అమర్చి, ఆ కదలికను కైమోగ్రాఫ్ మీదికి ఎక్కించాడు. పక్కనే ముంజేతి నాడిని కూడా రాయించాడు.

మధ్యాహ్నం పన్నెండయింది. చర్చి గంటలు మోగాయి. వాళ్ల ఊళ్లలో ఆ వేళకు ప్రార్థన చెప్పుకోవడం ఆనవాయితీ. గంటలు మోగుతుంటే మెదడు గీత పైకి లేచింది. ముంజేతి గీత మాత్రం ఎప్పటిలాగే ఉంది. ప్రార్థన చెప్పుకోవాలని గుర్తొచ్చిందా అని మోస్సో అడిగితే గీత మళ్లీ లేచింది. మరొకసారి ఎనిమిదిని పన్నెండుతో హెచ్చవేయమంటే, లెక్క చేస్తున్నంతసేపూ మెదడు పొంగు పెరిగింది. చేతినాడి మారకుండా మెదడునాడి మాత్రమే మారిందంటే గుండె గట్టిగా కొట్టుకోవడం వల్ల అయినది కాదన్నమాట. ఏ మడి ఎండుతుంటే ఆ మడికి కాలవ మళ్లించినట్టు, పనిచేస్తున్న మెదడుకు శరీరం నెత్తురు మళ్లిస్తోంది. ఇది ఒక సేద్యగాడి తలలో, ఒక గంట చప్పుడుకు తెలిసివచ్చింది.

1879లో మోస్సో తన గురువు మోలెషాట్ స్థానంలో టూరిన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. ఇక్కడొక చిక్కుంది. పుర్రె పగిలినవాళ్లు ఎంతమంది దొరుకుతారు? దొరికినా వాళ్లు రోగులు. ఆరోగ్యంగా ఉన్న మనిషి తలలో ఏం జరుగుతుందో ఎట్లా చూడాలి? 1882లో ఆయన దీనికొక ఉపాయం పన్నాడు. అదే తక్కెడ.

మా తాత కాలంలో బావిమీద ఏతం ఉండేదట. దూలానికి నడుమ ఇరుసు. దూలం మీద మనిషి ఇటు నాలుగడుగులు వేస్తే బాన బావిలోకి దిగుతుంది, అటు వేస్తే నీళ్లతో పైకి లేస్తుంది. మోస్సో చేసినది కూడా ఇట్లాంటిదే. పెద్ద చెక్కబల్ల, దాని నడుమ ఇరుసు. దానిమీద మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, బరువులు అటూ ఇటూ జరిపి బల్లను సమంగా నిలబెడతారు. కదలకుండా చాలాసేపు ఉంచుతారు. తర్వాత ఏదైనా చదవమని ఇస్తారు. తలకు నెత్తురు ఎక్కువ పోతే తలవైపు కిందికి దిగాలి. ఏతం మీద నడిచేది మనిషి, ఇక్కడ నడిచేది మనిషిలోని నెత్తురు. ఊపిరి తీసినప్పుడల్లా బల్ల ఊగుతుంది కాబట్టి, ఆ ఊపును కూడా గీతగా రాయించి లెక్కలోకి తీసుకున్నాడు. నిద్రపోతున్న మనిషి పక్కన చప్పుడైతే, అతడు లేవకపోయినా తలవైపు బరువెక్కేదని రాశాడు. కష్టమైన పుస్తకం చదివితే సులువైనదానికంటే ఎక్కువ వాలేదని కూడా ఆయన గమనించాడు. దీనికి ఆత్మను తూచే యంత్రం అనే ముద్దుపేరు ఉండేదని ఆయన కూతురు 1935లో రాసింది. అమెరికాలో విలియం జేమ్స్ 1890లో అచ్చయిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఈ తక్కెడను పేర్కొన్నాడు.

మోస్సో 1884లో భయం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో మొట్టమొదట చెప్పింది ఇతరుల భయం కాదు, తన భయమే. మొదటిసారి సభలో ఉపన్యాసం ఇవ్వబోయే ముందు తలుపు వెనక నిలబడి నిండిన హాలును చూసి తాను ఎట్లా వణికిపోయాడో వర్ణించాడు. ప్రొఫెసర్లకు కూడా కాళ్లు వణుకుతాయని తెలిసి నాకు చాలా ధైర్యం వచ్చింది. 1891లో అలసట మీద మరో పుస్తకం వచ్చింది. ఒక్క వేలితో బరువును మళ్లీ మళ్లీ ఎత్తించి అలసటను గీతగా రాయించే ఎర్గోగ్రాఫ్ ఆయనదే. మాజ్జోరా అనే సహచరుడి వేలిని, విద్యార్థులకు మౌఖిక పరీక్షలు నిర్వహించక ముందు, నిర్వహించిన తర్వాత పరీక్షించి చూశాడు. పరీక్షలు ముగిసేసరికి వేలిలో బలం బాగా తగ్గింది. పరీక్షల్లో అలిసిపోయేది మనమే అనుకుంటాం. మన లెక్చరర్లు కూడా అలిసిపోతారని నిరూపించినవాడు మోస్సో! వారు ఈ వాక్యం చదివి సంతోషిస్తారని తలుస్తాను.

కొండలమీద గాలి పలచబడితే మనిషికి ఏమవుతుందో చూడటానికి ఆయన 1894లో బృందాన్ని వెంటబెట్టుకుని మోంటే రోజా శిఖరం ఎక్కాడు. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న గుడిసెలో పరిశోధనలు చేశాడు. 1904లో ఆయనకు సెనేటు సభ్యత్వం ఇచ్చారు. అప్పటికి నరాల జబ్బు పట్టుకుంది, ప్రయోగశాలలో నిలబడే ఓపిక పోయింది. అంతటితో కూర్చోలేదు. క్రీటు ద్వీపం పోయి పురావస్తు తవ్వకాల్లో పడ్డాడు, దానిమీద కూడా పుస్తకం రాశాడు. 1910 నవంబరు 24న టూరిన్‌లో కన్నుమూశాడు.

తక్కెడ నిజంగా మెదడునే తూచిందా? ఇది న్యాయమైన ప్రశ్న. పుర్రె గట్టి చిప్ప, అందులోకి అదనంగా పట్టే నెత్తురు చాలా తక్కువ. ఊపిరి మారినా, ఒంట్లో మరోచోట నెత్తురు సర్దుకున్నా బల్ల వాలుతుంది. మోస్సోకు ఆ సంగతి తెలుసు, అందుకే అన్ని జాగ్రత్తలు పడ్డాడు. అయినా అనుమానం పూర్తిగా తీరదు. ఆయన రాతప్రతులు మళ్లీ వెలుగులోకి వచ్చి 2014లో ప్రచురితమైనాయి. అదే కాలంలో నేటి పరికరాలతో అట్లాంటి తక్కెడనే మళ్లీ కట్టి పరీక్షించినవాళ్లు కూడా ఉన్నారు. తక్కెడ మాట ఎట్లా ఉన్నా, దాని వెనకనున్న ఆలోచన మాత్రం నిలబడింది. పనిచేసే చోటికి మెదడు నెత్తురును రప్పించుకుంటుందని 1890లో ఇంగ్లండులో రాయ్, షెరింగ్టన్ అనేవారు చెప్పారు. ప్రాణవాయువు ఉన్న హీమోగ్లోబిన్, లేని హీమోగ్లోబిన్ అయస్కాంతం ముందర వేరువేరుగా ప్రవర్తిస్తాయని 1936లో పాలింగ్, కోరియెల్ కనిపెట్టారు. ఆ తేడానే ఆధారం చేసుకుని 1990లో సైజీ ఒగావా ఎమ్మారై యంత్రంలో మెదడు పనిని బొమ్మగా చూడవచ్చని చూపించాడు. 1992 నాటికి మనుషుల మీద మొదలైంది. ఈరోజు భయం, దుఃఖం, జ్ఞాపకం, లెక్క వీటన్నిటినీ అట్లాగే పరిశీలిస్తున్నారు. అయితే ఆ రంగు బొమ్మల్లో కనబడేది ఆలోచన కాదు, ఆలోచన వెంట పోయే నెత్తురు. బండిచక్రం జాడ చూసి బండి పోయిందని చెప్పవచ్చు, అందులో ఎవరున్నారో చెప్పలేం.

జాడ కూడా చిన్న సంగతేమీ కాదు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదంలో దెబ్బతిని స్పృహ లేదనుకున్న 23 ఏండ్ల అమ్మాయిని ఎమ్మారైలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని చెప్పింది. ఆమె కన్ను కదల్లేదు, వేలు కదల్లేదు. మెదడులో మాత్రం ఆరోగ్యవంతులు అట్లా ఊహించుకున్నప్పుడు మేలుకునే చోటే మేలుకుంది. ఆమె వింటోంది! అట్లా పడి ఉన్న వాళ్లంతా వింటారని దీని అర్థం కాదు. చాలామందిలో ఏమీ కనబడదు. కానీ వినరు అని ముందే తీర్పు చెప్పే హక్కు మనకు లేదని మాత్రం తేలిపోయింది.

పోయిన సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పెద్దమ్మకు బెర్టీనో కథ, ఆ గంట కథ, ఈ అమ్మాయి కథ నాకు చేతనైనట్టు చెప్పాను. పెదనాయన విన్నాడని నేను చెప్పలేదు. చెప్తే అబద్ధమవుతుంది, ఆయనను ఎవరూ అట్లా పరీక్షించలేదు. నువ్వు మాట్లాడింది పిచ్చిపని కాదు అని మాత్రం చెప్పాను. అంతమాత్రం చెప్పడానికి నాకు మూడేండ్ల చదువు, మోస్సోకు ఒక జీవితం పట్టింది.

ఒకప్పుడు ఏర్పేడు అంటే 1926లో మలయాళస్వాములవారు స్థాపించిన వ్యాసాశ్రమం. మనసును లోపలినుంచి చూసుకోమని అక్కడ చెప్పారు. ఈరోజు అదే ఏర్పేడు మండలంలో ఐఐటి, ఐజర్ ప్రాంగణాలు కూడా వెలిశాయి. మనసును బయటనుంచి కొలిచే పరికరాలు చేయగలిగినవాళ్లు మన చేలగట్ల మీదనుంచి కూడా రావచ్చు. వడ్రంగి ఇంట్లో పుట్టినవాడు తక్కెడ కట్టగలిగాడు. సేద్యగాళ్ల ఇండ్లలో పుట్టిన మనం కనీసం దాని ముల్లు ఎటు వాలుతోందో చూడటం నేర్చుకుందాం.