వానకోటు నిచ్చిన చార్లెసు మెకింటాష్

వర్షకాలమున మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో వానకోటు నెఱుఁగని వారుండరు. బ్రిటను దేశీయులు దానిని మెకింటాష్ అను పేరనే వ్యవహరించుట కలదు. ఆ పేరు గల మహాశయుని చరిత్రమును, ఆయన పొందిన పేటెంటు కథను చదువరులకు సంగ్రహముగా విన్నవింపఁ గోరుచున్నాము.

చార్లెసు మెకింటాష్ 1766వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి యగు జార్జి రంగులు తయారుచేయు వర్తకుఁడు. కుమారుఁడు మొదట గుమాస్తాగా నుండెను. కాని రసాయన శాస్త్రమందలి మక్కువచే ఇరువదియేండ్లు నిండకమునుపే ఆ కొలువు విడిచి, రసాయన ద్రవ్యముల తయారీకిఁ బూనుకొనెను.

ఆ నగరమున బొగ్గునుండి గ్యాసు తీయఁగా తారు మిగులుచుండెను. రంగుల పనికి వలయు అమోనియా కొఱకు మెకింటాష్ 1819లో ఆ వ్యర్థపదార్థమును కొన మొదలిడెను. తారునుండి వచ్చు నాఫ్తాలో రబ్బరును కరఁగించి, ఆ ద్రవమును ఒక వస్త్రముపైఁ బూసి, వేఱొక వస్త్రమును దానిపైఁ బఱచి అదిమెను. నీరు చొరని బట్ట సిద్ధమయ్యెను. 1823లో దానికి పేటెంటు లభించెను. నూతన వస్తువును కల్పించి, దాని మర్మమును వెల్లడించిన వానికి, ఇతరులు దానిని చేయకుండ కొంతకాలము శాసన మొసఁగు హక్కే పేటెంటు. నాఁటి గడువు 14 ఏండ్లు.

ఇచట మఱియొకరిని మఱవరాదు. ఎడింబరోలో వైద్యవిద్యార్థిగా నున్న జేమ్సు సైమ్, తారునుండి తీసిన ద్రవము రబ్బరును కరఁగించునని 1818లోనే కనుఁగొని, పత్రికాముఖమునఁ బ్రకటించెను. కాని పేటెంటు కోరక, శస్త్రవైద్యమునకు మరలి, అందు కీర్తి గాంచెను. 1836లో మెకింటాష్ కంపెనీవారు తమ పద్ధతిని అనుకరించిన వర్తకులపై వ్యాజ్యము వేయఁగా, అది క్రొత్తది కాదని ప్రతివాదులు వాదించిరి. జూరీవారు మెకింటాష్ పక్షముననే నిర్ణయించిరి. రబ్బరు కరఁగునని తెలియుట యొకటి; దానిని రెండు వస్త్రముల నడుమ బంధించి లోకమునకు ఉపయోగపఱచుట వేఱొకటి యని మాకుఁ దోఁచుచున్నది.

అయినను ఆ బట్ట చలికి బిగుసుకొనుచు, ఎండకు జిగటయగుచు నుండెను. 1843 జూలై 25వ తేదీన మెకింటాష్ పరమపదించెను. ఆయన భాగస్వామి యగు థామసు హాంకాకు, గంధకముతో రబ్బరును వేఁడిచేసి ఆ లోపమును దీర్చు పద్ధతికి ఆ నవంబరులోనే పేటెంటు పొందెను. మఱియొక లోపము నిలిచిపోయెను: వాననీరు లోనికి రాదు, చెమట వెలుపలికిఁ బోదు. పిమ్మట పసిబిడ్డల పొత్తిగుడ్డలపై రబ్బరు తొడుగులు వేసిన తల్లులు, బిడ్డల మేను ఒఱసి కందుటను జూచి బాధపడిరి. నేఁటి డయపరులలో కొన్నిటికి, సున్నపురాతి పొడి కలిపి సాగఁదీసిన పలుచని ప్లాస్టికు పొర యుండును. దాని సూక్ష్మరంధ్రముల గుండ ఆవిరి పోవును, నీరు పోదు. ఇట్టి పొరలకును అనేకులు పేటెంటులు పొందిరి.

బాలురారా, ఒకఁడు విడిచిన చోటనే మఱియొకఁడు పని మొదలిడును. మెకింటాషును గౌరవించునపుడు సైమునకు ఆయన పాలు నిచ్చుట న్యాయము; మిగిలిన లోపమును వెదకుట మీ పని.