మూసీకి కట్టువేయించిన మోక్షగుండం వారు

కంభం ప్రాంతంలో మోక్షగుండం అనే పల్లె ఉంది. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న ఒక కుటుంబం తరాల కిందట మైసూరు సీమకు వలసపోయి, బెంగుళూరుకు ఉత్తరాన ముద్దెనహళ్లిలో స్థిరపడింది. సీమ మారినా ఇంట్లో తెలుగు మాట మాత్రం పోలేదు. విశ్వేశ్వరయ్యగారు ఆ ఇంటి బిడ్డ. ఆయన పుట్టిన సెప్టెంబరు 15వ తేదీనే ఏటా ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు.

చిన్ననాడే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో బి.ఎ. చదివారు. పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. పాతికేళ్లకు కాస్త తక్కువగా అక్కడ పనిచేసి, 1908లో ఉద్యోగం మానుకోదలచి ఐరోపా యాత్రకు వెళ్లారు. హైదరాబాదు నుంచి కబురు వచ్చింది అప్పుడే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. శంషాబాదులో ఒక్కరోజులో 12.8 అంగుళాల వాన పడింది. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. నదిపై వంతెనలు కొట్టుకుపోగా 1578 నాటి పురానాపూల్ ఒక్కటే దెబ్బలు తిని నిలిచింది. అఫ్జల్‌గంజి దగ్గర చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని నేటికీ చెప్పుకుంటారు.

నిజాం కొలువులో ఇంజనీర్లు లేక కాదు, బయటివారిని పిలిచింది. ఇంటి లోపం ఇంటివారి కంటికి ఆనదు. ఆనినా చెప్పడం కష్టం. యాత్ర ముగించుకుని 1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదు చేరారు. నగరాన్ని తిరిగి కట్టడం, మళ్లీ వరద రాకుండా చూడడం, మురుగు కాలువలు వేయడం - ఈ మూడింటికీ సలహా ఇవ్వాలి.

ఆయన చూపు వంతెనల దగ్గర ఆగలేదు. నది ఎగువకు పోయింది. మూసీకి, దాని ఉపనది ఈసీకి నీరు చేర్చే ప్రాంతంలో 788 చెరువులున్నాయి. అంటే ఇంచుమించు చదరపు మైలుకొకటి. వాటిలో 221 ఆ వరదలో తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల్లో పై కట్ట తెగితే కింది కట్ట గతి ఏమవుతుందో మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు. ఒకదాని నీరు ఇంకొకదానిపై పడి, అన్నీ కలిసి నగరం మీదికి వచ్చాయి. నదిలో 4,25,000 క్యూసెక్కుల ప్రవాహం వచ్చిందని ఆయన లెక్కగట్టారు. అంత నీరు వచ్చినప్పుడు వంతెన ఎంత గట్టిగా కట్టినా ఊరికి రక్షణ లేదు, నీటిని ఊరికి పైనే ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరదను అక్కడ నిలిపి, నది ఓర్చుకోగలిగినంత మేరకే కిందికి వదలాలని 1909 అక్టోబరు 1న నివేదిక ఇచ్చారు. నగరంలో నది గట్లు ఎత్తుచేయాలని, ఒడ్డున తోటలు పెంచాలని కూడా అందులో ఉంది.

ఆ జలాశయాలు ఆయనే కట్టారని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. నివేదిక ఇచ్చిన మరుసటి నెలలోనే మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెళ్లిపోయారు. కట్టుబడి పని నడిపినవారు వేరే ఇంజనీర్లు. గండిపేటలో ఉస్మాన్‌సాగర్ 1920కి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. అయినా 2020 అక్టోబరులో మూసీ ఒడ్డు బస్తీలు మునిగాయి. ఎగువన కట్ట వేసినా, దిగువన ఏటి గర్భంలో ఇళ్లు లేస్తే ఇంజనీరు ఏం చేస్తాడు?

మైసూరులో కృష్ణరాజసాగరం, 1912 నుంచి 1918 దాకా దివాన్‌గిరి, 1955లో భారతరత్న - ఆ కథ అందరూ ఎరిగినదే. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన సమాధి ముద్దెనహళ్లిలో ఉంది.