బంతికీ బ్యాటుకీ మధ్య: ఎన్రికో ఫెర్మీ

ఎన్రికో ఫెర్మీ పేరు వినగానే అందరికీ అణు రియాక్టర్ గుర్తొస్తుంది. ఆయన జీవితంలో నాకు ఎక్కువగా నచ్చేది వేరే లెక్క. సూర్యుడి నుంచి వచ్చే తుఫాన్లలో విద్యుదావేశ కణాలు అంత శక్తిని ఎలా సంపాదిస్తాయో చెప్పడానికి ఇప్పటికీ ఆ లెక్కే పునాది.

ఫెర్మీ 1901 సెప్టెంబరు 29న రోమ్‌లో పుట్టారు. తండ్రి రైల్వే ఉద్యోగి, తల్లి బడిలో టీచరు. 1915లో అన్న జూలియో హఠాత్తుగా చనిపోయాడు. ఆ దుఃఖంలో ఆ కుర్రవాడు పాత పుస్తకాల సంతలో దొరికిన లాటిన్ భౌతికశాస్త్ర గ్రంథాన్ని పట్టుకుని కూర్చున్నాడు. తండ్రి సహోద్యోగి అమిదేయి అనే ఇంజనీరు అతని తెలివి గమనించి, గణిత పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి చదివించారు. పిల్లవాణ్ణి గుర్తించే పెద్దవారు ఒక్కరున్నా చాలు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1938లో నోబెల్ బహుమతి వచ్చింది. భార్య లారా యూదురాలు. ఇటలీలో జాతి చట్టాలు వచ్చిన ఏడాది అది. బహుమతి అందుకున్న కుటుంబం స్టాక్‌హోమ్ నుంచి ఇంటికి వెళ్లకుండా అమెరికా చేరింది. 1942 డిసెంబరు 2న షికాగోలో తొలి అణు శృంఖల చర్య ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది.

నేను చెప్పే లెక్క 1949 నాటిది. విశ్వకిరణాలకు అంత శక్తి ఎక్కడిదన్నది అప్పటి ప్రశ్న. ఆగి ఉన్న బ్యాటుకు తగిలిన బంతి దాదాపు వచ్చిన వేగంతోనే తిరిగిపోతుంది. బ్యాటు ఎదురొస్తే వేగం పెరుగుతుంది, వెనక్కి జరిగితే తగ్గుతుంది. అంతరిక్షంలో కదిలే అయస్కాంత మేఘాలే ఆ బ్యాట్లు అన్నారు ఫెర్మీ. వానలో పరుగెత్తేవాడికి వీపుకంటే ముఖం మీదే ఎక్కువ చినుకులు పడినట్టు, ఎదురుదెబ్బలే ఎక్కువ తగులుతాయి. కాబట్టి కొంచెం కొంచెంగా శక్తి కూడుతూ పోతుంది. అయితే బరువైన కేంద్రకాల సంగతి తన సిద్ధాంతంతో సూటిగా తేలడం లేదని ఆ వ్యాసంలో ఆయనే రాశారు.

1954 నవంబరు 28న, 53 ఏళ్లకే, క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది యూజీన్ పార్కర్ అదే షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. సూర్యుడి నుంచి ఎడతెగకుండా కణాల గాలి వీస్తోందని 1958లో పార్కర్ రాసిన వ్యాసాన్ని ఇద్దరు పరిశీలకులు తిరస్కరించారు. పత్రిక సంపాదకుడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయన ఫెర్మీతో కలిసి వ్యాసాలు రాసిన మనిషి. పార్కర్ మాట తనకూ నమ్మకం కలిగించలేదు. అయినా గణితంలో తప్పు కనబడలేదని అచ్చువేశారు. 1962లో మారినర్-2 నౌక ఆ గాలిని కొలిచింది.

సౌర విస్ఫోటనం వేగంగా దూసుకొచ్చినప్పుడు ఈ గాలిలో అఘాత తరంగం పుడుతుంది. దానికి ఇటూ అటూ ఉన్న అయస్కాంత అలలు దగ్గరవుతున్న రెండు గోడల్లాంటివి. మధ్యలో చిక్కిన కణానికి వెనక్కి జరిగే బ్యాటు ఎదురే కాదు. తరంగాన్ని దాటిన ప్రతిసారీ లాభమే. ఫెర్మీ లెక్కకు ఈ మెరుగు 1970ల చివర్లో, ఆయన పోయిన రెండు దశాబ్దాల తర్వాత దొరికింది.

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి అలాంటి కణాలనే కొలుస్తోంది. భౌతికశాస్త్రం చెప్పే మన ఉపాధ్యాయులు ఆ వార్త పిల్లలకు వినిపించేటప్పుడు, బంతీ బ్యాటూ చేతికిచ్చి ఫెర్మీ లెక్కతో మొదలుపెట్టమని నా మనవి.